కుడికాలి బొటనవేలు

నవంబరు మధ్యలో లద్దాఖ్‌లోని సైనిక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. ఎత్తు పదకొండు వేల అడుగులు. రాత్రి ఒంటిగంటకు చలి సున్నాకు పన్నెండు డిగ్రీలు కింద. నాకిచ్చిన సామాను: స్లీపింగ్ బ్యాగు, కిరోసిన్ పొయ్యి, రెండు జతల మంచు బూట్లు. తెలుగు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

జనవరిలో ఒకరోజు పదకొండున్నరకు పై పోస్టు నుంచి రేడియోలో కబురు. మంచులో దారితప్పిన జవాను దొరికాడు. పాదాలు కొయ్యబారాయి. స్లెడ్జి మీద దింపుతున్నారు.

"పాదాలు రుద్దొద్దని చెప్పు. పొయ్యి దగ్గర పెట్టొద్దని చెప్పు," అన్నాను.

"ఇద్దరు రుద్దుతూనే ఉన్నారట సిస్టర్. దోస్తులు కదా, ఆగరు," అన్నాడు రేడియో జవాను.

"దోస్తులైతే చేతులు కట్టుకొని కూర్చోమను. గడ్డకట్టిన కండ రుద్దితే చితుకుతుంది."

రెండున్నరకు స్లెడ్జి చేరింది. డాక్టరు గుండె, ఊపిరి చూసి పాదాలు నాకు అప్పగించాడు. మైనం రంగు. నొక్కితే దిగవు. థర్మామీటరు పెట్టి, నీళ్ళు ముప్పై ఎనిమిది డిగ్రీల దగ్గర నిలుపుతూ, పాదాలు ముంచాను.

"అవ్వా," అని మెల్లగా తల్లిని పిలిచాడు, తెలుగులో.

"ఏ ఊరు తమ్మీ నీది?"

కళ్ళు తెరిచాడు. "శ్రీరాంపూర్. నువ్వు మనోళ్ళేనా అక్కా?"

"హుజూరాబాద్."

"గుండె మంచిగనే కొట్టుకుంటుంది కద. కాళ్ళకు నెత్తురు ఎందుకు రాలే?"

చెప్పాను. గుండె నెత్తురును ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ గాలి నింపుకొని వస్తే ఒళ్ళంతటికీ తోస్తుంది. వేళ్ళ చివరి దాకా పోయిన నెత్తురు మళ్ళీ గుండెకే చేరుతుంది. చలి ముదిరితే చివర్లలోని సన్న నాళాలు ముడుచుకుంటాయి. వేడి నెత్తురు గుండెకూ మెదడుకూ మిగలాలి కదా.

"మా బాపు పనిజేసే బొగ్గుబాయిల గూడ గంతే," అన్నాడు. "ఒక దిక్కు నిప్పంటుకుంటే గోడ కట్టి మూసేస్తరు. మిగిలిన బాయి బతకాలె." తలెత్తి నీళ్ళలోని పాదాల వైపు చూశాడు. "గా గోడెనక ఎవలన్న ఉంటే?"

"గోడ తీస్తున్న కద తమ్మీ. కదలకు."

అరగంటకు ఎడమకాలు మండుతోందని అరిచాడు.

"మొత్తుకో, జర గట్టిగ మొత్తుకో. అది నెత్తురొచ్చే నొప్పి. కుడికాలు ఏమంటుంది?"

"అదేం అంటలేదక్కా."

ఎడమ బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడి, రెండు లెక్కపెట్టేలోగా ఎర్రబడింది. తర్వాత కుడిది నొక్కాను.

మర్నాడు తొమ్మిదికి హెలికాప్టర్ అతణ్ణి తీసుకుపోయింది. ఆ తర్వాత చలికాలమంతా నా నోట వచ్చిన తెలుగు, నాడి చూస్తూ లెక్కపెట్టిన అంకెలే. ఫిబ్రవరిలో రేడియో జవాను కబురు తెచ్చాడు: ఎడమపాదం దక్కింది. కుడికాలి వేళ్ళు తీసేశారు.

ఏప్రిల్‌లో హుజూరాబాద్ వచ్చాను. ఇంటినిండా మనుషులు, అందరూ ఒక్కసారే మాట్లాడారు.

ఇన్నేళ్ళయినా అదే కనిపిస్తుంది. కుడి బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అతడు వేలి వైపు చూడటం లేదు. నా మొహం చూస్తున్నాడు.