ఉస్మాన్ నూనె డబ్బా

ఉస్మాన్ గురించి చెప్పాలంటే ముందు అతని నూనె డబ్బా గురించి చెప్పాలి. గుంటూరు లాలాపేటలో ఏళ్ల తరబడి సైకిలు షాపు నడిపిన మనిషి. కదిలే వస్తువు కంటపడితే చాలు, బిస్మిల్లా అని ఒక చుక్క వేసేవాడు. తలుపు బందులకూ, భార్య జమీలా కుట్టుమిషనుకూ, ఆఖరికి పక్కింటివాళ్ల ఉయ్యాల గొలుసుకూ వేశాడు. ఎవరూ అడగలేదు. అతనికదో జబ్బు.

ఎనభై ఆరులో సైకిలు సామాను అమ్మేసి, అదే గదిలో వీడియో గేమ్ పెట్టాడు. మిషను ఒక బెజవాడ ఆసామిది, వసూళ్లలో వాటాకిచ్చాడు, విప్పొద్దన్నాడు. తెర మీద నల్లటి ఆకాశం, కింద మన రాకెట్టు, పైనుంచి దిగే శత్రువుల రాకెట్లు. ఎడమ చేత్తో హ్యాండిల్ తిప్పి తప్పించుకోవాలి, కుడి చేత్తో బొత్తాం నొక్కి కాల్చాలి. మొదట్లో జనం వీధిదాకా నిలబడ్డారు. ఉస్మాన్ కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు.

తర్వాత రాకెట్టు మొరాయించింది. హ్యాండిల్ కుడికి తోస్తే తీరిగ్గా ఆలోచించుకుని కదిలేది. గురి కుదిరి బొత్తాం నొక్కితే పేలేది కాదు, పేలేసరికి శత్రువు దాటిపోయేవాడు. మిర్చి యార్డులో బస్తాలు మోసే పిచ్చయ్య హ్యాండిల్‌ని రెండు చేతులా గుంజి గుంజి, "ఇదేం రాకెట్టు ఉస్మానూ, దీనికన్నా మా దున్నపోతు నయం" అని లేచిపోయాడు.

జమీలా అదే యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది. పని నుంచి వస్తూ రోజూ ఒకాట ఆడేది. ఆ ఆటంటే ఆమెకు ప్రాణం. ఉస్మాన్ కోపమంతా ఆమె మీదకి మళ్లింది.

"నీ చేతి కారమే దీన్ని తినేసింది. ఇక దీన్ని ముట్టుకోమాక" అన్నాడు, అదీ పదిమందిలో.

ఆ రోజు నుంచి జమీలా గుమ్మంలోనే నిలబడి, అన్నం కారియర్ అందించి వెళ్లిపోయేది. అరిచినా బాగుండుననిపించేది ఉస్మాన్‌కి.

ఇంతలో బెజవాడ ఆసామి నుంచి కబురొచ్చింది. శుక్రవారం లారీతో వస్తానని, ఆట నడవకపోతే మిషను ఎక్కించుకుపోతానని. పాత షాపుకి వెనక్కి వెళ్దామంటే సైకిలు సామాను కూడా లేదాయె.

గురువారం మధ్యాహ్నం, విప్పొద్దన్న మిషనుని తెగించి విప్పాడు. హ్యాండిల్ కింద నాలుగు సన్నటి రాగి రేకులు. హ్యాండిల్ ఎటు వంగితే అటు రేకు తగిలి కరెంటు అందాలి. వాటి మీద ఎర్రటి ముద్ద పేరుకుపోయి ఉంది. వాసన చూడబోయి తుమ్మాడు.

'చూశావా, కారమే' అనుకున్నాడు. కానీ జమీలా ముట్టుకుని రెండు నెలలైంది, ముద్దేమో తాజాగా ఉంది. పక్కన ఆటకి డబ్బు బిళ్లలు వేసే గొట్టంలోనూ అదే ఎర్ర దుమ్ము. ఊదితే ఎగిరిపోయింది. అక్కడ నూనె లేదు మరి. యార్డు సీజనులో మిరప దుమ్ము ఊరంతటి మీదా పడుతుంది. దాన్ని రేకుల మీద పట్టి నిలిపింది రోజూ పొద్దున్నే హ్యాండిల్ సందులోంచీ బొత్తాం సందులోంచీ తను వేసిన చుక్క. ఉస్మాన్‌కి తల కొట్టేసినట్టయింది.

రేకుల్ని పెట్రోలు గుడ్డతో తుడిచాడు. కొద్దిగా దగ్గరికి వంచాడు. బిగుతు స్ప్రింగు పీకేసి, అటక మీద మిగిలిన పాత సైకిలు బెల్లులోని మెత్తటి స్ప్రింగు వేశాడు. బొత్తానికీ అంతే చేశాడు. ఇప్పుడు వేలు ఆనిస్తే చాలు.

సాయంత్రం జమీలా గుమ్మంలోకొచ్చింది.

"ఒకాట ఆడి చూడు" అన్నాడు.

"నావి కారం చేతులు."

"తప్పు నాదే. పాడుచేసింది నా నూనె. నిన్ను అనవసరంగా అన్నాను."

"అన్నప్పుడు పదిమంది ఉన్నారు. ఇప్పుడు ఎవరూ లేరుగా" అంది జమీలా.

ఉస్మాన్ వీధిలోకెళ్లి, టీ బంకు దగ్గరున్న పిచ్చయ్యకీ, అతని చుట్టూ ఉన్నవాళ్లకీ వినబడేలా చెప్పాడు. "మిషను చెడగొట్టింది నేను. జమీలా కాదు. నా నూనె."

జమీలా చేతులు కడుక్కోకుండానే లోపలికొచ్చింది. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో, మిరపకాయని పట్టుకున్నట్టు పట్టుకుంది. రాకెట్టు టక్కున పక్కకి తప్పుకుంది. బొత్తాం నొక్కగానే శత్రువు పేలిపోయాడు. పిచ్చయ్య వెనక చేరి, "నా వంతు ఎప్పుడక్కా?" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆసామికి షాపులో నిలబడే చోటు దొరకలేదు. లారీ ఖాళీగా వెనక్కి పోయింది. ఆ సంతోషంలో ఉస్మాన్ చెయ్యి అలవాటుగా నూనె డబ్బా మీదకి పోయింది.

ఆడుతున్న జమీలా తెర మీద నుంచి చూపు తిప్పకుండా కుడి చెయ్యి వెనక్కి చాపింది. ఉస్మాన్ బుద్ధిగా డబ్బా ఆ చేతిలో పెట్టాడు.