పదిహేడో బెర్తు మీద మూట

2014లో నేను విజయనగరం కేంద్రంగా హెడ్ టీటీఈగా పనిచేస్తున్నాను. టీటీఈ అంటే నడిచే బండిలో టికెట్లు తనిఖీ చేసేవాడు. హెడ్ టీటీఈ అంటే అదే పనిని మరికాస్త గంభీరంగా చేసేవాడు. సికింద్రాబాద్ వెళ్లే సాయంత్రపు బండిలో పలాస నుంచి విశాఖపట్నం దాకా మూడు స్లీపర్ పెట్టెలు నా అధీనంలో ఉండేవి. 'అధీనం' అన్న మాట మా ఇంటిది. మా తాతగారి అధీనంలో రాజాం పరిసరాల్లో కొన్ని గ్రామాలుండేవి. నా తరానికి వచ్చేసరికి ఎస్-3, ఎస్-4, ఎస్-5 మిగిలాయి.

ఎస్టేటు జమీందారీ రద్దు చట్టంలో పోయింది. మామిడితోటలు వ్యాజ్యాల్లో పోయాయి. నాకు వారసత్వంగా దక్కింది వంగని వెన్ను ఒక్కటే. మే నెలలో కూడా నల్లకోటు పై గుండీ విప్పేవాణ్ణి కాదు. డ్యూటీలో సెల్‌ఫోన్ ఆపేసి పెట్టెలో పెట్టేవాణ్ణి. బెర్తు ఇప్పించమని బంధువులు అడిగితే, "రూలు ప్రకారం చూస్తాను" అని ఒకే జవాబు. నా వెనక తోటివాళ్లు నన్ను దివాన్‌గారు అనేవారని నాకు తెలుసు. ఎగతాళి అని తెలిసీ లోలోపల సంతోషించేవాణ్ణి.

ఆ ఏడాది మా మేనత్తగారి దగ్గరనుంచి కబురు వచ్చింది. ఆమె రాజాంలో కామేశం అనే కిరాణా వర్తకుడి దుకాణం మీద రెండు గదుల్లో అద్దెకుండేది. కూతురి కూతురు సుధ ఆమె దగ్గరే ఉండి అక్కడి కాలేజీలో చదువుకుంది. రెండేళ్లుగా పరీక్షలు రాస్తూ చివరికి ఒక బ్యాంకులో ఎంపికైంది. చెప్పిన రోజు ఉదయం సికింద్రాబాద్‌లోని శిక్షణ కేంద్రంలో హాజరు కావాలి. ఆ పూట కనిపించకపోతే ఉద్యోగం జాబితాలో తరవాతి వాళ్లకు వెళ్లిపోతుంది.

"ఒరే నరసింహం, పిల్లతో నేనూ ఎల్తాను. నువ్వు రైల్లోనే పుట్టినట్టు తిరుగుతావు గదా, రెండు టికెట్లు సూడు" అంది అత్తయ్య.

సరిగ్గా నా డ్యూటీ ఉన్న సాయంత్రమే వాళ్ల ప్రయాణం పడింది. నేనే దగ్గరుండి ఎక్కిస్తానని మాటిచ్చాను. ఉద్యోగులకిచ్చే పాసు మేనత్తలకు వర్తించదు. అత్యవసర కోటా అని ఒకటుంది. దానికి పై అధికారికి దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు అంటే అడగడం. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు, చివరి రోజుల్లో అప్పులవాళ్లను గడువు అడగడం తప్ప. అందుకని జీవితంలో మొదటిసారి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటర్నెట్‌లో టికెట్ తీయడానికి పూనుకున్నాను.

పాతికేళ్లుగా ప్రయాణికులకు ఛార్జీలు వివరించినవాణ్ణి, ఆ తెర ముందు గంటసేపు తికమకపడ్డాను. మొదటి పేజీలో ఒక ధర కనిపించింది. చివరి పేజీకి వెళ్లేసరికి అది పెరిగింది. రిజర్వేషన్ రుసుము, సూపర్‌ఫాస్ట్ అదనం, ఇంటర్నెట్ సేవా రుసుము ఒక్కొక్కటీ దారిలో ఎక్కాయని కూడి చూసుకుంటే తప్ప అర్థం కాలేదు. ఈలోపు నేను రైల్వేకు ఒక ఫిర్యాదు లేఖ మనసులో సగం రాసేశాను కూడా. నేను రైల్వే మనిషినని అప్పుడు గుర్తుకొచ్చింది.

తరవాత ఖాళీల సంగతి. విజయనగరం నుంచి వెతికితే వెయిటింగ్ లిస్టు. అదే బండికి, అదే రోజుకు, గంట ముందు వచ్చే శ్రీకాకుళం రోడ్డు, అంటే ఆమదాలవలస స్టేషన్ నుంచి వెతికితే రెండు లోయర్ బెర్తులు. చాలామంది దీన్ని మోసం అనుకుంటారు. ఒక్కో స్టేషన్‌కు విడిగా కొన్ని బెర్తుల కోటా ఉంటుంది, అంతే. కౌంటర్లో కొన్న వెయిటింగ్ టికెట్ చేతిలో ఉంటే జనరల్ పెట్టెలోనైనా వెళ్లవచ్చు. ఇంటర్నెట్‌లో తీసింది మాత్రం చార్టు తయారవగానే తనంతట తాను రద్దయిపోతుంది. దానితో బండెక్కితే టికెట్ లేనట్టే లెక్క. అందుకని శ్రీకాకుళం రోడ్డు నుంచి తీశాను. ఎస్-4లో పదిహేడు, ఇరవై.

ఆ పేజీలో రెండు చిన్న గడులున్నాయి. ఒకటి వృద్ధుల రాయితీది. అత్తయ్య వయసుకు ఛార్జీలో సగం తగ్గుతుంది, గడిలో టిక్ పెడితేనే. మా వంశంలో రాయితీ పుచ్చుకోవడమేమిటని వదిలేశాను. రెండోది బోర్డింగ్ స్టేషన్ గడి. టికెట్ ఎక్కడి నుంచి తీసినా, నిజంగా ఎక్కే స్టేషన్ తరవాతిదైతే అక్కడ రాయవచ్చు. అప్పట్లో ప్రయాణానికి ఒక రోజు ముందు దాకా దాన్ని మార్చుకునే వీలుండేది. రాజాం నుంచి రెండు స్టేషన్లకూ దారి ఉంది కాబట్టి ఎక్కడ ఎక్కాలో పంచాంగం చూసి చెబుతానంది అత్తయ్య. అక్కర్లేదన్నాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కు వెళ్లే బాట మా తాతగారు వేయించినది. మా వాళ్లు ఎక్కితే అక్కడే ఎక్కాలి. గడిని ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం శ్రీకాకుళం రోడ్డులో బండి ఆగగానే ఎస్-4 ముందు తలుపు దిగి, కోటు సర్దుకుని, మేనత్తను స్వాగతించడానికి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. తాతగారి బాటన మా వాళ్లెవరూ రాలేదు. బండి కదిలింది. అవమానంగా అనిపించింది. లోపలికి వెళ్లి చూస్తే పదిహేడో బెర్తు మీద పసుపు గుడ్డలో కట్టిన మూట ఒకటి కూర్చుని ఉంది.

ఎదురుగా పక్క లోయర్ మీద, అంటే ఇరవై మూడో నంబరు మీద, అప్పన్న అనే తాపీమేస్త్రీ, చంటిపిల్లతో అతని భార్య పైడమ్మ ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్లది ఆర్‌ఏసీ టికెట్. ఒక బెర్తును ఇద్దరికి కూర్చోవడానికి పంచి, ఎవరైనా రాకపోతే పూర్తి బెర్తు ఇచ్చే పద్ధతి అది. ఆ మూట ఎవరిదని అడిగాను.

"ఎవరో సావుకారు బాబూ. ఎనక తలుపునొచ్చి ఎట్టి, ముట్టుకోకండి అని దిగిపోయేడు" అన్నాడు అప్పన్న.

తువ్వాలో మూటో వేసి సీటు ఆక్రమించే రకాన్ని నేను రోజూ చూసేవాణ్ణి. మా అత్తయ్య బెర్తు మీద ఎవడో మూట వేసే సాహసం చేశాడని మండిపోయాను. దిక్కులేని సామాను పోలీసులకు అప్పగించాలి కాబట్టి తీసుకెళ్లి తలుపు దగ్గర, మరుగుదొడ్డి గోడ పక్కన పెట్టాను. అత్తయ్యకు ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. డ్యూటీలో సొంత ఫోన్లు చేయకూడదని నియమం పెట్టినవాణ్ణి నేనే.

బోర్డింగ్ స్టేషన్‌లో ఎక్కనివాళ్ల పేరు ఎదుట చార్టులో 'ఎన్‌టీ' అని రాస్తాం. రాలేదని దాని అర్థం. తరవాతి స్టాపు దాకా చూసి ఆ బెర్తును ఆర్‌ఏసీ వాళ్లకు ఇస్తాం. తరవాతి స్టాపు చీపురుపల్లి. మామూలుగా అయితే విజయనగరం దాకా ఓపిక పట్టేవాణ్ణేమో. బంధువుల కోసం బెర్తులు దాచాడని ఎవరైనా అంటారన్న భయంతో చీపురుపల్లి దాటగానే రెండు ఎన్‌టీలు రాసి, అప్పన్న దంపతుల్ని పదిహేడుకూ ఇరవైకీ మార్చాను. నా నిష్పాక్షికత నాకే ముచ్చటగా అనిపించింది.

విజయనగరంలో ఎస్-4 తలుపు సరిగ్గా మా అత్తయ్య ముందు ఆగింది. పక్కన సుధ, రెండు పెట్టెలు.

"ఏరా, మూటెక్కిందా?" అన్నది అత్తయ్య మొదటి మాట.

ఏ మూట అని అడిగాను. సంగతి అక్కడికక్కడే చెప్పింది. ఆ మధ్యాహ్నం వర్జ్యం. వర్జ్యంలో గడప దాటితే కొత్త ఉద్యోగం నిలవదని ఆమె నమ్మకం. అది పోయేదాకా ఆగితే శ్రీకాకుళం రోడ్డులో బండి అందదు, విజయనగరంలో అందుతుంది. ఇలాంటి చిక్కుకు మా ప్రాంతపు పెద్దవాళ్లు పరస్థానం పెడతారు. మంచి ఘడియలో ప్రయాణపు సామానులో ఒక మూటను ముందుగా ఇల్లు దాటిస్తారు. మూట కదిలితే మనుషుల ప్రయాణమూ అప్పుడే మొదలైనట్టు. శ్రీకాకుళానికి సరుకు కోసం వెళుతున్న కామేశం చేత ఆ మూట పంపించి, తన బెర్తు మీదే పెట్టించింది. నాకు చెప్పడానికి మధ్యాహ్నం నుంచీ ఫోన్ చేస్తోందట.

"నీ ఫోను ఎప్పుడు మోగింది గనకరా" అంటూ మెట్టు మీద కాలు పెట్టి లోపలికి చూసింది. మూట కనిపించింది. అది ఉన్న చోటు కూడా కనిపించింది.

"పరస్థానం మూటని పాయిఖానా కాడ ఎట్టేవా?" అని కాలు వెనక్కి తీసుకుంది. "పద సుధా, ఇంటికెల్పోదాం. ఈ పయనం సెడింది."

విజయనగరంలో బండి ఆగేది కొద్ది నిమిషాలు. రేపు ఉదయం ఆ పిల్ల సికింద్రాబాద్‌లో లేకపోతే రెండేళ్ల చదువు గాలికి పోతుంది. నేను నోరు తెరిచి, బెర్తులు కూడా ఇచ్చేశానని చెప్పాను. ఆ క్షణంలో చెప్పదగిన మాటల్లో అంతకన్నా పనికిమాలినది మరొకటి లేదు.

సుధ పెట్టెలు రెండూ లోపలికి తోసి, తలుపు కమ్మీ పట్టుకుని నావైపు తిరిగింది.

"పెదనాన్నా, ఒక్కటి సెప్పండి. మూట ఎక్కితే మేం ఎక్కినట్టా, కాదా?"

కాదన్నాను. ప్రయాణికుడు స్వయంగా ఉండాలి, సామాను లెక్కలోకి రాదు.

"ఇన్నావా అమ్మమ్మా? అది ఉత్త సామాను. సామాను ఎక్కడెడితే ఏటి? పయనం మొదలే అవలేదు, సెడడానికి. ఇప్పుడు వర్జ్యం లేదు, ఎక్కు."

"సామానంటావేటే, అది పరస్థానం" అంది అత్తయ్య.

"అయితే మనం ఆమదాలవలసలోనే ఎక్కేసేం. బెర్తులు మనవే. పెదనాన్నా, వాళ్లని లేపండి."

రూలు ఒప్పుకుంటే మూట సామాను, ఆచారం ఒప్పుకుంటే నా చార్టు తప్పు. అత్తయ్య తలుపులోంచి తొంగి చూసింది. పదిహేడో బెర్తు మీద పైడమ్మ గోడవైపు తిరిగి పిల్లకు పాలిస్తోంది. అప్పన్న మా మాటలు విని అప్పటికే లేచి నిలబడ్డాడు.

"కూకో నాయనా" అంది అత్తయ్య అతనితో. తరవాత సుధ నెత్తిన మెల్లగా ఒకటి మొట్టింది. "పసిపిల్ల తల్లిని లేపమంటావేటే. ఉత్త సామానేలే. పద."

బండెక్కింది. మూటను తనే తీసుకుని కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ అయిన ఇరవై మూడో నంబరు చూపించాను. అటు చివర అమ్మమ్మ, ఇటు చివర మనవరాలు. మా వంశంలో రైలులో సగం సీటు మీద కూర్చున్న మొదటి వ్యక్తి ఆమే అయి ఉంటుంది. ఆమెకేమీ పట్టినట్టు లేదు. విశాఖపట్నం వచ్చేసరికి పైడమ్మ పిల్ల ఆమె ఒళ్లో ఉంది, మూట పైడమ్మ పక్కన ఉంది.

సుధ టికెట్ చూస్తూ రాయితీ సంగతి కనిపెట్టేసింది. ఎందుకు వదిలేశావని అత్తయ్య అడిగింది. వంశ గౌరవం అన్నాను.

"ఆ గౌరవం నీ సొమ్ముతో సూపించుకోవలసింది. టికెట్టుకి డబ్బులిచ్చింది నేను" అంది. అప్పన్న కిటికీలోంచి బయటికి చూశాడు, నవ్వు కనిపించకుండా.

విశాఖపట్నంలో నా డ్యూటీ ముగుస్తుంది. అక్కడ చార్టు అందుకునే టీటీఈ నా దగ్గర పని నేర్చుకున్నవాడు. ప్లాట్‌ఫారం మీద అతనికి చార్టు ఇచ్చి, వెళ్లిపోకుండా నిలబడ్డాను. ఏమిటి సార్ అన్నాడు. ఎస్-4 ఇరవై మూడులో మా వాళ్లున్నారు, పెద్దావిడ, దారిలో ఏదైనా ఖాళీ అయితే చూడమన్నాను. ఉద్యోగంలో చేరాక ఎవరినైనా ఏదైనా అడగడం నాకదే మొదలు. కోటు పై గుండీ విప్పాను.

అతను నా వంక ఒక్క క్షణం చూశాడు. "రూలు ప్రకారం చూస్తాను సార్" అన్నాడు. అచ్చం నేను చెప్పేంత స్పష్టంగా, నా స్వరంలోనే చెప్పాడు.

రూలు ప్రకారమే చూశాడు. తుని దాటాక ఒక అప్పర్ బెర్తు ఖాళీ అయితే సుధకు ఇచ్చాడు; అత్తయ్య ఇరవై మూడులో కాళ్లు చాపుకుని పడుకుంది. సుధ ఉదయం శిక్షణ కేంద్రంలో హాజరైంది. ఇప్పుడు భోగాపురం వైపు ఒక శాఖలో పనిచేస్తోంది.

నేను రిటైరయ్యాక రాజాం వైపు బంధువులు ఇంటర్నెట్‌లో టికెట్లు నా చేతనే తీయిస్తారు. వృద్ధుల రాయితీ ఉన్నన్నాళ్లూ ఆ గడిలో టిక్ పెట్టాను. ఛార్జీ మొదటి పేజీలోది కాదు, చివరి పేజీలోదే చెబుతాను. బోర్డింగ్ స్టేషన్ గడి దగ్గర మాత్రం ఆగి ఫోన్ చేస్తాను. టికెట్ ఎక్కడి నుంచి తీశామన్నది వేరు, మనిషి ఎక్కడ ఎక్కుతాడన్నది వేరు. రెండోది ఎక్కేవాళ్లను అడిగితే తప్ప తెలియదు. అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాను, ఎక్కడ ఎక్కుతారని. అత్తయ్యను మాత్రం రెండు అడుగుతాను: మీరెక్కడ ఎక్కుతారు, మూటెక్కడ ఎక్కుతుంది.