కర్రల యార్డులో అక్క

నిన్న మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. హైదరాబాదులో ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చిందట, పిల్ల నోట మాట ఆగడం లేదు. "అత్తా, బస్సు వాళ్లదే, తిండి వాళ్లదే, దవాఖానా ఖర్చు గూడ వాళ్లే పెట్టుకుంటరంట!" ఆ సంబరం వింటుంటే భద్రాచలం అడవి అంచున కాగితం కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చిన రోజు గుర్తుకొచ్చింది.

మా ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివింది నేనే. ఉద్యోగం వచ్చిన వార్త మోసుకుని తల్లాడలో బస్సు దిగుతూ, ఇంటిదాకా ఆగలేక, ముందు కండక్టరుకీ, తరువాత సోడా బండి ఆయనకీ, దారిలో ఎదురైన గొర్రెల కాపరికీ చెప్పేశాను. కంపెనీ కూడా నా సంబరాన్ని వమ్ము చేయలేదు. ఒకటో తారీఖున జీతం, వానకు కారని క్వార్టరు, తిప్పితే వచ్చే నీళ్లు, జ్వరమొస్తే వాళ్ల డాక్టరు. పొలం పనుల్లోంచి వచ్చిన మన తరానికి అవెంత గొప్పవో మీకు వేరే చెప్పాలా?

బావ పోయాక అక్క నా దగ్గరికే వచ్చింది. నన్ను చదివించడానికి ఎండల్లో మిరపకాయలు కోసిన మనిషి, ఊరికే కూర్చుని తినడం ఆమెకు చేతకాదు. అదే కంపెనీ కర్రల యార్డులో, ఒక కాంట్రాక్టరు కింద, జామాయిల్ దుంగలకు బెరడు ఒలిచే పనికి కుదిరింది. నేనొక గేటులోంచి, ఆమె ఇంకో గేటులోంచి. క్యాంటీన్‌లోకి కూలీలను రానిచ్చేవారు కాదు కనుక, మధ్యాహ్నం నా భోజనం గిన్నెలో సర్దుకుని యార్డు కంచె దగ్గరికి నేనే వెళ్లేదాన్ని. ఆమె చింతకాయ తొక్కు నాకు, నా గడ్డపెరుగు ఆమెకు. "పప్పుల ఉప్పేస్తె మీ కంపెనోళ్లు జీతంల కోస్తరా ఏంది?" అని ఆమె అంటే పక్కనున్న ఆడవాళ్లంతా విరగబడి నవ్వేవారు.

తరువాత బెరడు ఒలిచే యంత్రం వచ్చింది. ఒక ఉదయం ఆ ఆడవాళ్లందరినీ గేటు దగ్గరే ఆపేశారు. నేను మా ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాను; మంచివాడే, కూర్చోబెట్టి, అది కాంట్రాక్టరు చూసుకునే సంగతి అన్నాడు. కాంట్రాక్టరేమో కంపెనీ ఆర్డరు అన్నాడు. ఇంకా పైవాళ్లు హెడ్డాఫీసు పేరు చెప్పారు, ఆ హెడ్డాఫీసును మాలో చూసినవాళ్లే లేరు. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ పొమ్మనలేదు, పని మాత్రం పోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క గడప మీద కూర్చుని ఉంది. "ఊళ్లె పటేలు పనికి రావొద్దంటె, వాని ఇంటి ముంగట నిలబడి నాలుగు తిట్టి వచ్చేదాన్ని. తెల్లారి మళ్ల వాడే పిలిచేటోడు. ఈడ ఎవల్ని తిట్టాలె చెల్లె?"

ఇంతలో లోపల పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అంతే, ఎన్నడూ నన్ను పల్లెత్తు మాట అనని మనిషి, "ఇంత సదువు సదివినవ్, పాలు సూసుకోను రాదానె నీకు?" అంటూ మొదలుపెట్టి, ఆగకుండా తిట్టింది. నేను తల వంచుకుని, ఆమె అలసిపోయేదాకా తిట్టనిచ్చాను.

వారం తిరక్కుండా ఊరికి, మళ్లీ మిరప చేలలోకే వెళ్లిపోయింది. నేను రిటైరయ్యేదాకా ఆ కంపెనీ అన్నమే తిన్నాను, దాన్ని కాదనలేను. అక్క కన్నుమూసి చాలా ఏళ్లయింది. కంపెనీలు అప్పటికంటే ఇంకా పెద్దవయ్యాయి. పని పోయిందన్న కబురు ఇప్పుడు ఫోనులోనే వచ్చేస్తుందట. అది చదివి ఇంటికి చేరినవాళ్లకు, నోరు మూసుకుని ఆ తిట్లు పడే చెల్లెలు ఒకతె ఉంటుందో ఉండదో.