ఎక్కేటప్పుడు పాడే పాట

జి.మాడుగుల చర్చికి కొండమీది ఊరివాళ్లు మౌనంగా దిగివచ్చారు. ఆరాధన అయ్యాక, ఇళ్లకు ఎక్కుతూ బైబిల్లోని యాత్రకీర్తన అందుకున్నారు. కోనసీమ నుంచి వచ్చి వాళ్లతో నడుస్తున్న నాకు అది తలకిందులుగా తోచింది.

“యూదులు యెరూషలేము గుడికి వెళ్తూ పాడేవారమ్మా, ఇంటికి పోతూ కాదు,” అన్నాను పక్కన నడుస్తున్న కాంతమ్మతో.

“ఆళ్ల గుడి కొండమీదుంది, ఎక్కుతూ పాడినారు. మా గుడి కిందుంది, ఇల్లు పైనుంది. మరి మేమెప్పుడు పాడాల?”

“పాస్టరుగారు మిమ్మల్ని కిందికొచ్చి రోడ్డు పక్కనే కాపురం ఉండమంటున్నారట కదా?”

ఆమె ఆగి నావైపు తిరిగింది. “దేనికి బాబూ? దేవుడే మాతో పైకి వత్తన్నాడు. మేమెందుకు దిగుతాం?”

మళ్లీ పాటెత్తుకుంది, ఇంకా గట్టిగా. నేనూ గొంతు కలపబోయాను. ఆ ఎత్తు ఎక్కడానికే నాకు ఊపిరి చాలలేదు. ఆమె గొంతు మాత్రం ఎక్కడా తగ్గలేదు.