చెయ్యి చాస్తే కారు ఆగింది

“నిలబడ్డ కారుని ఫొటో తియ్యొచ్చు కదే! పరిగెత్తేది అలికేసినట్టు వస్తన్నాది. బ్యాటరీ దండగ!”

“కారుతో పాటే కెమెరా తిప్పితే కారు తేటగా, ఎనకాల సెట్లు గీతల్లా పడతాయి మామ్మా. రేపు అలాటి ఫొటో సూపితేనే స్టూడియోలో పనిస్తారు!”

చీపురుపల్లి రోడ్డు పక్కన నాకూ మనవరాలికీ తగువు. పిల్ల చేతులొక్కటే తిప్పుతోంది, ఒక్క ఫొటో కుదరలేదు. నడుం తిప్పుతూ చేలో విత్తనాలు జల్లిన ఒళ్ళు నాది, ఊరుకోలేకపోయాను. “పాదాలు కదపకుండా నడుం తిప్పవే!” అంటూ, వస్తున్న కారు వైపు చెయ్యి చాచి, దానితో పాటే తిరిగి చూపించాను.

కారు కీచుమని ఆగింది.

“ఏ ఊరెళ్ళాల మామ్మా?” అన్నాడు డ్రైవరు.

సిగ్గుతో చచ్చిపోయాను. పిల్ల నవ్వలేక కూలబడింది. మూడో తరగతి చదువు నాది. నా నడుముకు తెలిసిన విద్య మాత్రం పిల్లకి అందింది.

మర్నాడు పొద్దున్నే నడుం తిప్పి తీసింది. కారు తేటగా పడింది, వెనక తాటిచెట్లు గీతలయ్యాయి. ఆ ఫొటోతో స్టూడియోకి బయల్దేరితే, చద్దన్నం క్యారేజీ కట్టిచ్చాను.