పెళ్ళిచూపుల్లో పాడిన ఇంగ్లీషు పాట

ఆ కాలంలో పెళ్ళిచూపులకు కూర్చున్న ఆడపిల్ల పాట పాడకుండా లేవడానికి వీల్లేదు. గొంతు ఉందా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు. నోరుంది కదా, పాడాలి. ఇప్పటి పిల్లలు ఫోన్లలో మాట్లాడుకుని, ఎక్కడో కాఫీ తాగి వచ్చి, సరేనంటున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది గానీ, నిజం చెప్పొద్దూ, కాస్త జాలి కూడా వేస్తుంది. రేపు మనవలకు చెప్పుకోవడానికి వాళ్ళ దగ్గర ఏముంటుంది? నా పెళ్ళిచూపుల మాట ఎత్తితే మా భిలాయి క్యాంప్ వన్‌లో ముసలివాళ్ళు ఇప్పటికీ పొట్ట పట్టుకుంటారు. అంతా అమెరికాలో ఎక్కడో పుట్టిన ఒక పాట చేసిన పని.

ఆ పాట మా దాకా ఎలా వచ్చిందంటే, మా నాన్న ఊరివాడే ఒకాయన రైల్వేలో గార్డుగా భిలాయి-3 స్టేషన్లో ఉండేవాడు. గార్డు మావయ్య అనేవాళ్ళం. (వాళ్ళు చర్చికి, మేము గుడికి. ఆదివారం కోడికూర దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మతం.) ఖరగ్‌పూర్‌లో పనిచేసేటప్పుడు, దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు ఆయనకు రికార్డు ప్లేయరు ఇచ్చి వెళ్ళాడట. దాంతో వచ్చిన రికార్డుల్లో బదిలీల దెబ్బకు ఒక్కటే మిగిలింది. మేము మా వైపున్న పవర్ హౌస్ స్టేషన్లో లోకల్ రైలెక్కి వాళ్ళింట్లో దిగేసరికి అదే మోగుతూ ఉండేది. క్వార్టర్ పక్కనే పట్టాలు కాబట్టి, గూడ్సు బండి చప్పుడులో పాట కొట్టుకుపోకుండా మావయ్య వాల్యూమ్ చివరిదాకా తిప్పేవాడు. "కూకోయే గుంటా, ఈ పాటకి పెద్ద చరిత్రుంది తెల్సా?" అని మొదలుపెట్టేవాడు. ఆ చరిత్ర ఏ వారానికి ఆ వారం మారిపోయేది. మొదట్లో ఆ పాడినాయన పత్తి చేలో కూలీ. నెల తిరిగేసరికి లారీ డ్రైవరు. వానలు పడేనాటికి రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఇంకొన్నాళ్ళు ఆగితే ఆయన్ని కూడా గార్డుని చేసేసేవాడే! మారనిది ఒక్కటే. "సిన్నప్పట్నుంచీ చర్చిలో పాడినోడే. దేవుణ్ణి ఎలగ పిలిచేవోడో, ఓ రోజు అలగే ఓ పిల్లని పిలిచేడు. ఎల్లిపోకే, ఊరొదిలి ఎల్లిపోకే అని. చర్చోళ్ళు తిట్టేరు, లోకమంతా ఎత్తుకుంది. తర్వాత ఎంతమంది పాడేరో! ఎవుడికీ ఆ ఏడుపు రాలేదు. దీన్ని సోల్ అంటారే. గొంతుతో కాదు, ఆత్మతో పాడ్డం." ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆయన కళ్ళు తుడుచుకునేవాడు.

నేను చదివింది ఐదో క్లాసు. ఇంగ్లీషులో నా పేరు కూడా రాయలేను. కానీ మూడుసార్లు విన్నది ఏదైనా నా బుర్రలోంచి పోదు. అర్థం తెలియకపోయినా ఆ పాటంతా పట్టేశాను. మధ్యలో వచ్చే బాకా, డ్రమ్ము, చివరికి ఒకచోట ముల్లు ఇరుక్కుని అదే ముక్క మూడుసార్లు తిరగడం, మావయ్య పెట్టె మీద టక్కుమని కొడితే ముందుకు కదలడం, అన్నీ అందులో భాగమే అనుకున్నాను.

నాకు పద్దెనిమిది నిండాయి. రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి బొబ్బిలి అవతల పల్లెటూరు. రెండోది భిలాయిలోనే, అబ్బాయికి స్టీలు ప్లాంటులో ఉద్యోగం. ఇది తప్పితే దసరాలోపు పల్లెటూరిది ఖాయం చేసేస్తానని నాన్న తేల్చేశాడు. నేను పుట్టింది ఇక్కడ. వరినాట్లు చూసింది రైలు కిటికీలోంచే. షిఫ్టు సైరన్ వినకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. ఏ దేవుడు కనిపిస్తే ఆ దేవుడికి దండం పెట్టుకున్నాను, నన్ను ఈ ఊళ్ళోనే ఉంచమని.

అయితే భిలాయి సంబంధంలో ఒక చిక్కుంది. సంబంధం తెచ్చిన పిన్ని అమ్మ చెవిలో వేసింది: "ఓలప్పా, ఆ పిల్లోడి తండ్రికి పాట దగ్గర మా సెడ్డ పట్టింపట. ఇంతకుముందు సూసిన ముగ్గురు పిల్లలు ఎంత బాగా పాడినా, 'పిల్ల పాడనే లేదు' అనేసి లేచెల్లిపోయేడట."

అమ్మ గుండెలు బాదుకుంది. "అయితే ఎవరో పెద్ద విద్వాంసుడే అయ్యుంటాడు! దీని గొంతుకి ఏటి సేతునే?"

వెంటనే ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్‌లో ఉండే ఒక సంగీతం టీచరమ్మ దగ్గర పెట్టింది. నెల రోజులు ఒక్కటే కీర్తన. "మెత్తగా, ఇంకా మెత్తగా, పువ్వు రాలినట్టు" అనేది టీచరమ్మ. చివరికి నేను పాడితే పక్కనున్న పిల్లికి కూడా వినపడని స్థితికి వచ్చాను. టీచరమ్మ మెచ్చుకుంది.

ఆ రోజు మొదటి షిఫ్టు దిగాక వాళ్ళు వచ్చారు. అబ్బాయి తల వంచుకుని కూర్చున్నాడు. తండ్రి భారీ మనిషి, రోలింగ్ మిల్లు ఉద్యోగం. మాటా పలుకూ లేదు. నాన్న పక్కన పెద్దమనిషి హోదాలో గార్డు మావయ్య ఉన్నాడు. "ఏదీ, ఓ పాట పాడమ్మా" అంది అబ్బాయి తల్లి. ఆ పెద్దాయన ముందుకు వంగి, స్వరం తప్పితే పట్టుకుందామన్నట్టు నా నోట్లోకే చూడసాగాడు. అంతే, కీర్తన మొదటి అక్షరం కూడా పోయింది. తలుపు వెనకనుంచి అమ్మ ఏదో అందిస్తోంది, వినపడటం లేదు. నా కళ్ళ ముందు బొబ్బిలి, సైరన్ లేని తెల్లవారుజాము. నోరు తెరిచాను. మావయ్య రికార్డు బయటికొచ్చేసింది.

మొదలుపెట్టాక ఆపడం నాకు తెలియదు (ఇప్పటికీ తెలియదనుకోండి). ఊరొదిలి వెళ్ళొద్దని బతిమాలే చోటికి వచ్చేసరికి నిజంగానే ఏడుపొచ్చింది. గూడ్సు బండి కూడా ఓడిపోయేలా అరిచాను. బాకా వచ్చింది, పిడికిలి నోటికి పెట్టి ఊదాను. ముల్లు ఇరుక్కునే ముక్క మూడుసార్లు తిప్పాను, నా మోకాలి మీద నేనే టక్కుమని కొట్టుకుని ముందుకెళ్ళాను. ఆగాక చూస్తే అబ్బాయి తల్లి చేతిలో ఉప్మా చెంచా గాలిలో ఉంది. తలుపు వెనక అమ్మ కూలబడింది. గార్డు మావయ్య ఒక్కడే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. అయిపోయింది, బొబ్బిలే అనుకున్నాను.

"పాడింది!" అన్నాడు, మూడు సందులకు వినపడేలా. "ఈ గుంట పాడింది! మిగతావోళ్ళు నోరాడించేరు గానీ ఒక్కర్తీ పాడలేదు!"

అబ్బాయి తల్లి సిగ్గుతో చచ్చిపోయింది. "ఇరవయ్యేళ్ళు మిల్లులో సేసేరు వదినా. ఆ మోతకి సెవులు పోయేయి. సెప్తే ఒప్పుకోరు" అంది మెల్లగా.

"ఏటంటన్నావు?" అన్నాడాయన.

"ముహూర్తం ఎట్టించమంటన్నాను!" అని అరిచిందావిడ.

అలా నేను భిలాయిలో ఉండిపోయాను. (అబ్బాయి తల వంచుకున్నది సిగ్గుతో కాదని, నవ్వాపుకోలేకనని పెళ్ళయ్యాక తెలిసింది.) ప్రతి ఆదివారం మావగారు "కోడలా, ఆ పాటెయ్యి" అనేవారు. తెలుగు సరిగా రాని మా సందు పిల్లలకు కూడా ఆ పాట వచ్చేసింది, వినాయకుడి పందిట్లో ఢోలక్ మీద వాయించేవారు. ఒక వారం పాడకపోతే కూరగాయల భయ్యా "క్యా దీదీ, ఆజ్ గానా నహీ హువా?" అని పాట సంగతి అడిగేవాడు. ఏడాదికేడాది గొంతు పెంచుతూ వచ్చాను. ఆయన బతికిన ఆఖరి ఏడాది ఎంత అరిచినా చేరలేదు. ఆ సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అనలేదు. నా నోటికేసి చూస్తూ కూర్చునేవారు, నేను బాకాతో సహా మొత్తం పాడేదాన్ని.

మొన్న మా మనవరాలు ఆ అసలు పాటను ఫోన్లో వెతికి వినిపించింది. ఎంత నెమ్మదిగా పాడాడో మహానుభావుడు! ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రమే చెప్పుకుంటున్నట్టు. "నానమ్మా, నువ్వు అరిచేది ఇదేనా?" అని పిల్ల పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్ళిచూపుల చాప మీద కూర్చుని కీర్తన మర్చిపోయిన పద్దెనిమిదేళ్ళ పిల్ల కళ్ళ ముందు మెదిలింది. పక్కన కూర్చుని, భయపడకే గుంటా, నిన్ను ఎక్కడికీ పంపరు అని చెప్పాలనిపించింది. కాస్త మెల్లగా పాడమని మాత్రం చచ్చినా చెప్పను.