ఇస్త్రీ బల్ల పక్కన బీపీ మిషను

ఆ వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. మూడంతస్తుల మేడ కింద, మెట్ల పక్కన, ఒక బల్ల పట్టేంత గది ఆమె కొట్టు. ఆ బల్లకు అటు భర్త, ఇటు ఆమె, పంతొమ్మిదేళ్లు నిలబడి ఇస్త్రీ చేశారు. చొక్కాలు, ప్యాంట్లు ఆయనవి. దుప్పట్లు, కర్టెన్లు ఆమెవి.

ఒకరోజు పొద్దున్న ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె పక్కకి ఒరిగింది. మాట ముద్దగా వచ్చింది.

"నిద్ర చాలలేదేమో. కాసేపు నడుం వాల్చు," అంది ఆమె. కింద దుప్పటి పరిచి, ఆయన వంతు చొక్కాలు కూడా తనే పూర్తిచేసింది. మధ్యాహ్నం భోజనానికి లేపితే లేవలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, "ఎప్పుడు మొదలైందమ్మా?" అని అడిగాడు.

"పొద్దున్న," అంది.

నాలుగో రోజున భర్త పోయాడు. పక్షవాతమని, రెండు మూడు గంటల్లో తెచ్చుంటే వేరుగా ఉండేదని తరువాత ఎవరో చెప్పారు. ఎందుకు చెప్పారో గాని, ఆ మాట ఆమెను వదల్లేదు. పిల్లలు లేరు. ఒక్క మనిషికి వండుకోవడం చేతకాక రోజూ ఎక్కువ వండేది, మర్నాడు అదే తినేది.

ఏడాది తిరిగాక ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఆ వీధిలో కొట్టుకొట్టుకూ వచ్చింది. "మా దగ్గరికి జనం జబ్బు ముదిరాకే వస్తారు. మీ దగ్గరికైతే వారం వారం వస్తారు. మిషను మేమిస్తాం, బీపీ చూసి పుస్తకంలో రాయండి, ఎక్కువున్నవాళ్లని మాకు పంపండి," అంది. అక్క కొట్టుకి ఎదురుగా ఉన్న మందుల షాపాయన మిషన్లకు బ్యాటరీలు తన వంతన్నాడు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా బేరమాడకుండా పెద్దాసుపత్రికి తీసుకెళతామని ఆటో స్టాండువాళ్లు ఒప్పుకున్నారు. ఎనిమిది కొట్లవాళ్లు తలూపారు. నెల తిరిగేసరికి మిషను బయట కనిపించింది మూడు కొట్లలోనే. అందులో అక్కది ఒకటి.

బుధవారం బుధవారం టైపు మాస్టారు వచ్చేవాడు. ముప్పై ఏళ్లు టైపు నేర్పి రిటైరైన మనిషి, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. తెచ్చేది రెండు చొక్కాలు, కూర్చునేది గంట.

"ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి మాస్టారూ. మాట్లాడితే అంకె పెరుగుతుంది."

"అలాగైతే మా అమ్మాయి అంకె ఆకాశాన్నంటాలి. ఫోనెత్తిందంటే ఆపదు."

"ఇప్పుడు ఆపనిది మీరే."

ఆమె నవ్వేది. వారంలో నవ్వేది ఆ ఒక్కరోజే అనుకోవచ్చు.

ఒక బుధవారం మాస్టారు చొక్కాలు బల్లమీద పెట్టబోయి కింద పడేశాడు. తీయబోతే కుడిచెయ్యి లేవలేదు. పెదవి ఒకవైపుకి జారింది.

"ఏం లేదక్కా... తిమ్మిరి. కాసేపు పడుకుంటే..."

"పడుకోవద్దు!" అని అరిచింది. ఆ అరుపుకి మెట్లమీది జనం ఆగిపోయారు. గోడ గడియారం చూసింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసి, ఆటో స్టాండుకి చెప్పులు లేకుండా పరుగెత్తింది. ఆటోవాడు బేరమాడకుండా బండి కొట్టు ముందుకి తెచ్చాడు. దారంతా మాస్టారి తల ఆమె భుజం మీదే ఉంది.

"ఎప్పుడు మొదలైంది?" అన్నాడు డాక్టరు.

"పదీ పదికి," అంది వెంటనే.

మాస్టారు బతికాడు. రెండు వారాల్లో కర్రపట్టుకుని నడిచాడు. వేరే ఊరినుంచి కూతురు వచ్చి, ఇక నాన్నని ఒంటరిగా వదలనంది. వెళ్లేముందు ఇద్దరూ కొట్టుకి వచ్చారు.

"నాన్నని మీరే నిలబెట్టారు," అంటూ కూతురు చేతులు పట్టుకుంది.

"జాగ్రత్తగా చూసుకో తల్లీ," అంది అక్క. తీసుకెళ్లొద్దు అని గొంతుదాకా వచ్చింది. ఏ వరస చెప్పుకుని అంటుంది?

మాస్టారు ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "వస్తా... అక్కా," అన్నాడు.

తరువాత ఒకసారి అక్క ఫోన్ చేసింది. నాన్న పడుకున్నాడని కూతురు చెప్పింది. లేచాక తనే చేస్తానంది గాని చేయలేదు.

నెలాఖరున ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ అక్క పుస్తకం తిరగేసింది. అరవై రెండుమందికి అక్క బీపీ చూసింది, అందులో పదకొండుమంది మందులు మొదలుపెట్టారు. "బాగుంది. మరి నీది ఏ పేజీలో ఉందక్కా?"

"నాదా? నాదెవరు చూస్తారు నర్సమ్మా?"

నర్సమ్మ ఆమె చేతికి మిషను పట్టీ చుట్టింది. నూట అరవై నాలుగు. మళ్లీ చూసింది, రెండు తగ్గింది. మర్నాడు రమ్మని ఇంకోసారి చూసి, డాక్టరుతో మాత్ర రాయించింది.

"గుర్తుచేయడానికి ఇంట్లో ఎవరున్నారు?"

అక్క తల అడ్డంగా ఊపింది.

ఆ మాత్రలు కట్టి ఇస్తూ మందుల షాపాయన, "పొద్దున్న షట్టరు తీయగానే, వేసుకున్నానని ఇటు ఒక కేకెయ్యి. వినపడకపోతే నేనే వస్తా," అన్నాడు.

మర్నాడు ఆమె కొట్టు తెరిచి, ఎదురుగా చూసి, "వేసుకున్నా!" అంది. ఆయన బేరంలో ఉండి, తలతిప్పకుండానే చెయ్యెత్తాడు. ఆ రోజు లేచాక ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే.